పరీక్ష నుండి నిఘంటువు వరకు: సి. పి. బ్రౌను జీవితము

పరీక్షలు సమీపించిన దినములలో మన కళాశాల వసారాలలో ఒక దృశ్యము ఏటేట కానవచ్చును. విద్యార్థి చేతిలో చిన్న నోటుపుస్తకము. అందు ఎడమవైపున కఠినమైన ఇంగ్లీషు పదము, కుడివైపున దాని యర్థము. కొందరు ఆ యర్థమును ఉర్దూలో వ్రాసికొందురు, కొందరు తెలుగులో. ఉద్యోగమునకై వ్రాయు పోటీపరీక్ష కైనను, విదేశ విద్యకై వ్రాయు జి.ఆర్.ఇ. పరీక్ష కైనను ఈ పట్టికలే ఆధారము. ఇట్లు వల్లించిన పదములలో అనేకము పరీక్ష ముగిసిన వారమునకే మరపున పడుటయు మనమెరిగినదే.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. రెండు వందల యేండ్ల క్రిందట ఒక ఇంగ్లీషు యువకుడు మన తెలుగు పదములతో ఇట్లే పెనగులాడి పరీక్ష వ్రాసెను. పరీక్షలో నెగ్గిన పిదప ఆయన పుస్తకమును మూసివేయలేదు. మనవారు ఇంగ్లీషు నేర్చుటకు తరతరములుగా తోడ్పడిన నిఘంటువు ఆ కృషి నుండియే పుట్టినది. ఆ మహనీయుడు చార్లెసు ఫిలిప్పు బ్రౌను. ఆయన జీవితమును విద్యార్థుల ముందుంచుట ఉచితమని మేము తలంచితిమి.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. ఫోర్టు విలియం కళాశాలకు ప్రొవోస్టుగా ఉండెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. అక్కడ హెయిలీబరీలో ఈస్టిండియా కంపెనీవారు నడుపు కళాశాలలో చదువు ముగించుకొని, 1817 ఆగస్టు నెలలో బ్రౌను మద్రాసు రేవున దిగెను. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లయినను నిండలేదు.

ఆ కాలమున మద్రాసులో ఫోర్టు సెంటు జార్జి కళాశాల ఉండెను. సీమనుండి వచ్చిన యువకులు అందు దేశభాషలు నేర్చి పరీక్ష నిచ్చిన పిదపనే జిల్లాలకు ఉద్యోగులుగా పోవలసియుండెను. బ్రౌను తెలుగును ఎన్నుకొనెను. వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు తెలుగు చెప్పిరి. అప్పటికి ఏ.డి. కాంబెల్ రచించిన వ్యాకరణము 1816లో వెలువడియుండెను గాని, ఆయన నిఘంటువు 1821లో గాని అచ్చుపడలేదు. సమగ్రమైన అచ్చు నిఘంటువు చేతలేక పరభాష నభ్యసించుట ఎంతటి కష్టమో ఊహింపవచ్చును. అయినను బ్రౌను 1820లో పరీక్ష నిచ్చి, ఆ యేటి ఆగస్టులో కడపకు ఉద్యోగిగా వెళ్లెను.

అసలు చదువు అక్కడ ఆరంభమయ్యెను. పాఠ్యగ్రంథముల తెలుగు వేరు, కచేరి వాకిట నిలిచిన రైతు నోటి తెలుగు వేరు. ఆ యేడే మద్రాసు గవర్నరు పదవికి వచ్చిన సర్ థామస్ మన్రో, ప్రజల భాష తెలియనివాడు ప్రజలను పాలింపజాలడని నమ్మినవాడు. కడపలోను, ఆపై మచిలీపట్నములోను బ్రౌను తీరిక వేళలన్నియు భాషకే వినియోగించెను. బీద పిల్లల కొరకు ఈ రెండు పట్టణములలోను ధర్మబడులను నెలకొల్పెను.

1824లో ఆయన దృష్టి వేమన పద్యములపై పడెను. నాటి పండితులు ఆ పద్యములకు తగిన గౌరవ మీయలేదు. బ్రౌను పలుచోట్లనుండి వ్రాతప్రతులు తెప్పించి, పాఠములను సరిపోల్చి, 1829లో 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ముద్రింపించెను. పండితుని శ్లోకమునందే గాక పామరుని నోటియందును భాష కలదని ఆయన గ్రహించినందుకు ఇదియే తార్కాణము.

కడపలో ఆయన ఒక బంగళాను కొని, పండితులను, లేఖకులను చేరదీసి, సొంత జీతమునుండి వారికి వేతనము లిచ్చెను. జూలూరి అప్పయ్య మొదలగువారు అందు పనిచేసిరి. తాళపత్రప్రతులను సేకరించుట, శుద్ధప్రతులు వ్రాయించుట, కావ్యములకు టీకలు కూర్పించుట అక్కడి నిత్యకృత్యములు. ఈ వ్యయము భరించుటకు బ్రౌను అప్పులు చేయవలసివచ్చెను.

ఆయన పదజ్ఞానమునకు గ్రంథములకు వెలుపల ఒక కఠిన పరీక్ష ఎదురయ్యెను. 1832-33 సంవత్సరములలో గుంటూరు సీమను ఘోరక్షామము పీడించెను. అప్పుడు బ్రౌను అక్కడ అధికారిగా ఉండెను. తోడి అధికారులు అభ్యంతరము చెప్పినను ఆయన కరువును కరువుగానే పేర్కొని, 'ఫామిన్' అను పదమునే వాడెను. పర్యాయపదముల పట్టికలో కొరత, కరువు అనునవి ఒకదాని ప్రక్క నొకటి ఉండవచ్చును. ఆకలితో నున్నవానికి ఆ రెంటి నడుమ గల భేదము ప్రాణముతో సమానము. పదమునకు సరియైన యర్థ మెరుగుట అనగా నేమో విద్యార్థులు ఇందు చూడవలెను.

1834లో ఆయన ఇంగ్లండునకు పోయెను. అక్కడను ఊరకుండక, లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను గుర్తించి వానిని మద్రాసునకు పంపు ఏర్పాటు చేసెను. 1838లో మరల మద్రాసు చేరి ప్రభుత్వమునకు పారసీ, తెలుగు అనువాదకుడుగా పనిచేసెను. పిదప పోస్టుమాస్టరు జనరలు పదవిని కూడ నిర్వహించెను. 1840లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడెను.

పెక్కేండ్లుగా కూడబెట్టిన పదసంపద 1852లో లోకమునకు దక్కెను. ఆ యేడు తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు రెండును మద్రాసులోని వేపేరిలో అచ్చయ్యెను. కావ్యములలోని ప్రయోగముల సరసనే వాడుకలోని మాటలకును ఆయన చోటిచ్చెను. ఒక్కొక్క పదమునకు అర్థము చెప్పి విడువక, అది వాక్యమున ఎట్లు నిలుచునో కూడ చూపెను. కావుననే అవి నేటికిని నిలిచియున్నవి. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును సవరించి 1903లో మరల ప్రకటించినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఒకరు.

మన కళాశాల విద్యార్థులు ప్రత్యేకముగా ఎరుగవలసిన గ్రంథము మరియొకటి కలదు. అది 1854లో వెలువడిన మిశ్రభాషా నిఘంటువు. తెలుగు వ్యవహారమున కలిసిపోయిన హిందూస్తానీ, పారసీ, అరబ్బీ, ఇంగ్లీషు పదములకు అందు అర్థములు కలవు. ఫిర్యాదు, వకీలు, జామీను, దస్తావేజు, హాజరు, జవాబు వంటి మాటలు లేనిదే తెలుగువాని దినము గడువదు. ఇవి పరాయివని త్రోసివేయువారు ఆనాడును ఉండిరి. ప్రజలు వాడు మాటను నిఘంటుకారుడు కాదనరాదని బ్రౌను తన పనిచేతనే చూపెను. ఉర్దూ, తెలుగు ఒకే చావడిలో కూర్చుండి మాటాడుకొనిన చరిత్ర ఆ పుటలలో నున్నది.

1855లో ఉద్యోగము విరమించి ఆయన ఇంగ్లండు చేరెను. 1865 నుండి లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నుండెను. జీవితాంతము అవివాహితుడుగా నుండి, 1884 డిసెంబరు 12వ తేదీన ఎనుబదియారవ యేట లండనులో కన్నుమూసెను. కడపలో ఆయన బంగళా యున్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషివలన బ్రౌను పేర గ్రంథాలయము వెలసినది.

ఈ చరితమునుండి మనము గ్రహింపవలసినదేమి? పరీక్షలు వ్యర్థమని మేము చెప్పబోము. 1820 నాటి పరీక్ష లేకున్నచో బ్రౌను తెలుగుగడప త్రొక్కియే యుండడు. కాని ఆ పరీక్ష ఆయనకు గడప మాత్రమే. ఇల్లు దానికి ఆవల నున్నది. నోటుపుస్తకమున వ్రాసికొనిన ఇంగ్లీషు పదమును ఒక వార్తాపత్రికలోనో, ఒక కథలోనో మరల కలిసికొనుడు. దానితో సొంతముగా ఒక వాక్యము కూర్చుడు. ఉర్దూలో, తెలుగులో దానికి సరితూగు మాట యేదియో మిత్రుని అడుగుడు. మూడు భాషలు చెవిని పడు మన ప్రాంగణమున ఈ పని ఇతరులకంటె మనకు సులభము. ఇంగ్లీషు మాతృభాష కాదని సిగ్గుపడ నక్కరలేదు. బ్రౌనుకు తెలుగు మాతృభాష కాదు.

కళాశాల పాలకవర్గమువారికి మా విన్నప మొక్కటి. మూడు భాషల నిఘంటువులు బీరువాలో తాళమువేసి యుంచక, విద్యార్థి చేయి చాచిన అందునట్లు గ్రంథాలయపు బల్లపై నుంచిన మేలు. తన జీతమునే పదముల సేకరణకు ధారవోసిన ఆ పెద్దమనిషికి మనము చేయగల నివాళి అంతకంటె వేరొకటి లేదు.