ఆయాసం లెక్క తేల్చిన హిల్

మూడంతస్తులు గబగబా ఎక్కారనుకోండి. పైకి చేరి నిలబడ్డాక కూడా కాసేపు రొప్పుతూనే ఉంటారు. కాళ్లు ఆగినా ఆయాసం ఎందుకు ఆగదు? వందేళ్ల కిందట ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ తానే పరుగెత్తిన శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ వివియన్ హిల్. మీ వ్యాయామం సరిపోతోందా, మితిమీరుతోందా అని తెలుసుకునే పద్ధతులకు పునాది వేసినవారిలో ఆయన ముఖ్యుడు.

హిల్ 1886లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోతే ఆయన్నీ, చెల్లెల్నీ తల్లే పెంచింది. కేంబ్రిడ్జిలో గణితం చదివినా, మనసు శరీరధర్మశాస్త్రం మీదికి మళ్లింది. కప్ప కండరం ముడుచుకున్నప్పుడు పుట్టే అతి కొద్దిపాటి వేడిని కూడా కొలిచారు. ఆ పనికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో మేయర్‌హోఫ్‌తో పంచుకున్నారు.

అసలే పరుగంటే ఇష్టం. మాంచెస్టర్‌లో ఉండగా నోటికి గొట్టం, వీపున సంచి తగిలించుకుని పచ్చిక మీద గుండ్రంగా పరుగులు తీశారు. వదిలిన గాలి సంచిలో నిండేది. దాన్ని పరీక్షించి ఒంట్లో ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో లెక్కగట్టేవారు. వేగం పెరిగేకొద్దీ ఆక్సిజన్ వాడకం పెరిగింది. నిమిషానికి సుమారు నాలుగు లీటర్ల దగ్గర మాత్రం ఆగిపోయింది. వేగం ఇంకా పెంచినా అది పెరగలేదు.

మరి ఆపైన శక్తి ఎక్కడిది? కండరం ఆక్సిజన్ లేకుండానే కొంత శక్తి తయారుచేసుకుంటుంది. అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టన్నమాట. పరుగు ఆపాక రొప్పుతూ ఆ అప్పు తీరుస్తాం. హిల్ దీనికి ఆక్సిజన్ అప్పు అనే పేరే పెట్టారు.

ఆయన చెప్పినవన్నీ అలాగే నిలవలేదు. అలసటకు లాక్టిక్ ఆమ్లమే ప్రధాన దోషి అనుకున్నారు. గుండె, కండరాలు లాక్టేట్‌ను ఇంధనంగా వాడుకుంటాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. వ్యాయామం చేసిన మర్నాడు వచ్చే ఒళ్లు నొప్పులకూ అది కారణం కాదు. అయితే, శ్రమ పెరిగేకొద్దీ రక్తంలో లాక్టేట్ పేరుకోవడం మొదలయ్యే స్థాయి ఒకటుందని తెలిసింది. అక్కడి నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపడానికి శ్వాస వేగం పెరుగుతుంది. అదే మొదటి గడప. ఇంకా పైన, ఊపిరి చాలక ఎక్కువసేపు కొనసాగించలేని చోటు రెండో గడప.

మీరెలా తెలుసుకోవాలి?

ల్యాబ్ అక్కర్లేదు, మీ మాటే కొలబద్ద. నడుస్తూ పక్కవారితో హాయిగా కబుర్లు చెప్పగలుగుతుంటే మొదటి గడప దాటలేదు. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే దాటుతున్నారు. ఒకటి రెండు మాటలకు మించి రాకపోతే రెండో గడప దగ్గరున్నట్టే. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ శ్రమ ఎంతగా అనిపిస్తోందో చెప్పడానికి 6 నుంచి 20 వరకు అంకెల కొలమానం తయారుచేశారు. 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక ఒక్క అడుగూ పడదు. రోజువారీ చురుకైన నడకకు 12, 13 చాలు. బీపీకి బీటా బ్లాకర్లు వాడేవారిలో నాడి అంతగా పెరగదు. అలాంటివారికి వాచీ చూపే అంకె కన్నా ఈ కొలమానమే మేలు. గుండె జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడిగాకే వేగం పెంచాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపేయాలి.

హిల్ ల్యాబ్‌కే పరిమితం కాలేదు. 1933లో హిట్లర్ పాలనలో కొలువులు పోయిన పండితులను ఆదుకునే సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు. తర్వాత నోబెల్ అందుకున్న బెర్నార్డ్ కాట్జ్ అలా వచ్చి ఆయన ల్యాబ్‌లోనే చేరారు. 1943 చివర్లో భారతదేశానికి వచ్చి నెలల తరబడి తిరిగి, ఇక్కడి శాస్త్ర పరిశోధన మీద నివేదిక రాశారు. దేశం మొత్తానికీ ఉపయోగపడే అత్యున్నత వైద్య కేంద్రం కావాలని గట్టిగా చెప్పినవారిలో ఆయనొకరు. ఆ ఆలోచనే 1956లో ఢిల్లీ ఎయిమ్స్‌గా రూపుదిద్దుకుంది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు ఆ బాటలో వచ్చినవే.

హిల్ 1977లో, తొంభయ్యేళ్ల వయసులో కన్నుమూశారు. ఈ వారం నడిచేటప్పుడు ఫోన్‌లో అడుగుల లెక్క ఒక్కటే చూడకండి. మీ మాట ఎక్కడ తెగుతోందో గమనించండి. నెల తర్వాత అదే వేగంలో ఇంకాస్త హాయిగా మాట్లాడగలిగితే మీ గుండె, కండరాలు బలపడుతున్నట్టే.