కణంలో దాక్కున్నా వదలని మందు

ముప్పాళ్ళ లాంటి ఊళ్లలో పొలం పనులకెళ్లేవాళ్లకు చిగ్గర్ పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ రావొచ్చు. దాని బ్యాక్టీరియా జిత్తులమారిది. ఏకంగా మన కణాల్లోకే దూరి అక్కడే పెరుగుతుంది. పెన్సిలిన్ దాన్నేమీ చేయలేదు. డాక్టర్లు రాసేది డాక్సీసైక్లిన్. ఆ టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. అది పుట్టిన ల్యాబ్‌కు పెద్ద మన తెలుగువాడే, యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్‌కు కంటగింపయ్యారు. దాంతో చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువైన ఎల్‌ఎంఎస్. 1922లో మామగారి సాయంతో బోస్టన్ వెళ్లారు. రాత్రిళ్లు ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ స్టూడెంట్లకు ఆ జంట పేరు తెలిసే ఉంటుంది. అంత చేసినా అక్కడ పర్మనెంట్ పోస్టు దక్కలేదు!

1940లో లెడర్లీ కంపెనీకి మారారు. ఆయన నడిపిన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ రకరకాల మట్టి నమూనాలు పరీక్షించి, మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. ఇది బ్యాక్టీరియాను ప్రొటీన్లు తయారు చేసుకోనివ్వదు. కణం లోపలికీ వెళ్లి పనిచేస్తుంది. 1948లో ఈ మందు సంగతి లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు.

బ్యాక్టీరియా మాత్రం ఊరుకోలేదు. టెట్రాసైక్లిన్‌ను లోపలికొచ్చింది వచ్చినట్టే బయటికి తోడేసే పంపులను కొన్ని సంపాదించుకున్నాయి.