కణములోని రెండవ దూత: ఎర్ల్ సదర్లాండు జీవితము

ఉబ్బసపు రోగి అర్ధరాత్రమున మంచముపై లేచి కూర్చుండి, ఊపిరి వదలలేక పిల్లికూతలతో వేదన పడుట చూడని గ్రామము లేదు. అట్టివానికి ఎడ్రినలిన్ సూదిమందు వేసినచో కొలది నిమిషములలో ఆయాసము తగ్గునని 20వ శతాబ్ది తొలి సంవత్సరములనుండియు వైద్యులు ఎరుగుదురు. కాని ఆ మందు చెప్పు మాటను కండరము ఎట్లు వినుచున్నదో అర్ధశతాబ్దము వరకు ఎవరికిని తెలియలేదు. ఆ రహస్యమునకు తలుపు తెరచిన మహనీయుడు ఎర్ల్ విల్బర్ సదర్లాండు.

ఆయన 1915 నవంబరు 19వ తేదీన అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున బర్లింగేమ్ అను చిన్న ఊరిలో జన్మించెను. ఆరుగురు బిడ్డలలో ఐదవవాడు. తండ్రి కొంతకాలము వ్యవసాయము చేసి, పిదప ఆ ఊరిలో బట్టల దుకాణము నడిపెను. విద్యార్థి దశలో పాల్ డి క్రూఫ్ రచించిన సూక్ష్మజీవుల పరిశోధకుల చరిత్ర ఆయన చేతబడెను. ఆ ఒక్క పుస్తకము బాలుని మనస్సును వైద్యశాస్త్రమువైపు త్రిప్పినది. ఆర్థికమాంద్యము వలన కుటుంబము చితికిపోగా, ఆస్పత్రిలో పరిచారకుడుగా పనిచేయుచు చదువు సాగించి, 1937లో వాష్‌బర్న్ కళాశాలనుండి పట్టభద్రుడయ్యెను. 1942లో సెయింట్ లూయిస్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను.

రెండవ ప్రపంచయుద్ధమున సైనికవైద్యుడుగా పనిచేసి తిరిగివచ్చిన పిమ్మట, రోగులకు వైద్యము చేయుటయా, పరిశోధనలో నిలుచుటయా అను సంశయము ఆయనను బాధించెను. కార్ల్ కోరీ, గెర్టీ కోరీ అను శాస్త్రజ్ఞ దంపతులు ఆ విశ్వవిద్యాలయముననే పనిచేయుచుండిరి. వారికి 1947లో నోబెల్ బహుమానము లభించినది. కార్ల్ కోరీ జీవితమే ఆదర్శముగా సదర్లాండు పరిశోధనకు అంకితమయ్యెను.

ఎడ్రినలిన్ ప్రభావమున కాలేయము తనలో నిలువయున్న పిండిపదార్థమును గ్లూకోజుగా మార్చును. ఇది ఎట్లు జరుగునన్నదే ఆయన ప్రశ్న. హార్మోనులు చెదరని కణముపైననే పనిచేయునని, కణమును నలిపినచో వాని ప్రభావము నశించునని నాటి విజ్ఞులు తలచుచుండిరి. 1953లో క్లీవ్‌లాండు నగరమునకు తరలిన సదర్లాండు, థియోడోర్ రాల్ అను సహచరునితో కూడి కాలేయకణములను నలిపి చూచెను. హార్మోను పనిచేసినది! కణపు పైపొర తునకలను వేరుచేసి తీసివేయగా పని నిలిచిపోయెను. ఆ తునకలకే హార్మోనును చేర్చి, పుట్టిన రసమును మరిగించి, మిగిలిన ద్రవములో కలుపగా పని మరల సాగినది. మరిగించినను చెడని ఆ పదార్థమే సైక్లిక్ ఎ.ఎం.పి. అని 1958 నాటికి తేలెను.

దీని భావమేమి? ఉత్తరము తెచ్చిన టపాబంట్రోతు గడప దాటడు. గడపకడ అందుకొన్నవారే లోపలికి వార్త చేర్చుదురు. అట్లే హార్మోను మొదటి దూత, సైక్లిక్ ఎ.ఎం.పి. రెండవ దూత. ఈ రెండవ దూత ఎ.టి.పి. అను పదార్థమునుండి పుట్టును. ఆ ఎ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరగుట తెలుగువారికి గర్వకారణము.

సదర్లాండు ప్రధానముగ పరిశోధించినది కాలేయమునే. అయినను ఆ సూత్రము శ్వాసనాళములకును వర్తించెను. ఆ నాళముల గోడలలో మన ఇచ్ఛకు లోబడని కండరపు పట్టెలు కలవు. హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ మొదలగునవి కండరకణపు పైపొరను తాకగా లోపల కాల్షియము పెరిగి కండరము బిగియును, నాళము ఇరుకగును. ఎడ్రినలిన్ తాకినప్పుడు సైక్లిక్ ఎ.ఎం.పి. పుట్టి, ఒక ఎంజైమును మేల్కొలిపి, కాల్షియమును తగ్గించి, పట్టును సడలించును. 1969లో వాడుకలోనికి వచ్చిన సాల్బుటమాల్ ఈ మార్గముననే ఊపిరికి దారి చేయుచున్నది.

ఒకే పదార్థము ఇన్ని హార్మోనుల వార్తలను మోయునా యని పలువురు శంకించిరి. ఆయన వాదములకు దిగక ప్రయోగములతోనే సమాధానమిచ్చెను. 1963లో నాష్‌విల్ నగరమందలి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమునకు వెళ్లి పరిశోధనలోనే మునిగెను. 1971లో నోబెల్ బహుమానము ఆయన యొక్కనికే లభించినది. 1974 మార్చి 9వ తేదీన, 58వ యేట, మయామీ నగరమున పరమపదించెను. వార్త పైపొరను దాటు విధమును వివరించిన గిల్మన్, రాడ్‌బెల్ అనువారికి 1994లో అదే బహుమానము దక్కెను.

ఇచ్చట ఉబ్బసరోగులు గుర్తుంచుకొనదగిన విషయమొకటి కలదు. ఈ వ్యాధి కండరపు బిగింపు మాత్రమే కాదు, నాళపు లోపొరలో వాపు కూడ. సడలించు మందు బిగింపును విప్పునేగాని వాపును మాన్పదు. కావుననే వైద్యులు పీల్చు స్టెరాయిడు మందును క్రమముగా వాడుమందురు. తక్షణోపశమనమునే నమ్మి దానిని మానువారికి ప్రాణాపాయము కలుగవచ్చును.

చిన్న ఊరి బాలుడు చదివిన ఒక పుస్తకము ఆయనను ప్రయోగశాలకు నడిపించెను. అచ్చట ఆయన కాలేయమును అడిగిన ప్రశ్నకు దొరికిన సమాధానము, నేడు అర్ధరాత్రమున ఊపిరందక లేచి కూర్చున్న వారికి ఊరట కలిగించుచున్నది.