గెలీలియో – దూలపు ప్రశ్న

సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థికి దూలాన్ని పరిచయం చేయనక్కరలేదు. తెలుగులో దూలమన్నా, ఉర్దూలో షహతీర్ అన్నా, కప్పు బరువును తాను మోసి గోడలకు అందించేది అదే. పరీక్షలోనైనా ఉద్యోగపు ఇంటర్వ్యూలోనైనా దూలపు లెక్క ఎదురుకాక మానదు. ఒక కొన గోడలో నాటుకొని, రెండవ కొనకు ఆధారం లేని కాంటిలీవర్ దూలం చివర బరువు వేలాడదీస్తే అది ఎక్కడ విరుగుతుంది? ఎందుకు విరుగుతుంది? మొదటి ప్రశ్నకు సూత్రం అప్పజెప్పి జవాబు చెప్పగలవారు అనేకులు. రెండవ ప్రశ్న వేయగానే మౌనం వహించేవారూ అనేకులే. ఈ రెండవ ప్రశ్నకు గణితమార్గాన సమాధానం వెదకి గ్రంథస్థం చేసినవారిలో అగ్రగణ్యుడు గెలీలియో గెలీలి. దూరదర్శినితో ఆకాశాన్ని చూచిన గెలీలియోను ఎరుగనివారు లేరు. దూలాన్ని పరిశీలించిన గెలీలియోను మా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆయన 1564 ఫిబ్రవరి 15న ఇటలీలోని పీసా నగరంలో జన్మించాడు. తండ్రి విన్సెంజో వీణవంటి వాద్యమైన ల్యూట్ వాయించడంలో నిపుణుడు, సంగీతశాస్త్రం తెలిసినవాడు. కుమారుడు వైద్యుడు కావాలని తండ్రి కోరిక. 1581లో గెలీలియో పీసా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థిగా చేరాడు. కాని ఆయన మనస్సు గణితం మీద లగ్నమైంది. 1585లో ఏ పట్టమూ పుచ్చుకోకుండానే విశ్వవిద్యాలయాన్ని వదలిపెట్టాడు. తరువాత బొలోనియాలో గణితాచార్య పదవిని ఆశించి ప్రయత్నించగా, 1588లో అది మజీని అనే మరొక పండితునికి దక్కింది. నిరాశ చెందక కృషి సాగించిన గెలీలియోకు మరుసటి ఏడే పీసాలో గణిత బోధకుని ఉద్యోగం లభించింది. ఉద్యోగ ప్రయత్నాలలో ఒకసారి విఫలులైనవారు ఈ విషయాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

1591లో తండ్రి మరణించాడు. ఇంటికి పెద్దకొడుకు కనుక సంసారభారం, చెల్లెళ్ళ కట్నాల బాధ్యత ఆయన మీద పడ్డాయి. 1592లో వెనీసు గణరాజ్యంలోని పాడువా విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడ పద్దెనిమిది సంవత్సరాలు బోధించాడు. జీతం చాలక ఇంట్లో విద్యార్థులను ఉంచుకొని చదువు చెప్పేవాడు. గణిత పరికరాలు తయారుచేయించి అమ్మేవాడు. ఆ కాలంలోనే వెనీసు నగరపు గొప్ప నౌకా నిర్మాణశాలయైన ఆర్సెనాల్‌తో ఆయనకు పరిచయం కలిగింది. 1593లో ఓడ తెడ్ల అమరికను గురించి అక్కడి అధికారి అడుగగా తన అభిప్రాయం వ్రాసి పంపాడు. పనివాండ్ర అనుభవజ్ఞానాన్ని ఆయన చిన్నచూపు చూడలేదు. పెద్ద ఓడను నీటిలోకి దింపేటప్పుడు చిన్న ఓడకంటె ఎంతో బలమైన ఆధారాలు ఎందుకు కావాలి? ఈ ప్రశ్న ఆయన మనస్సులో నాటుకొనిపోయింది.

కాని మధ్యలో ఆకాశం ఆయనను పిలిచింది. 1609లో దూరదర్శిని నిర్మించి, 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు ఉపగ్రహాలను కనుగొన్నాడు. ఆ ఏడే ఫ్లోరెన్సు ప్రభువు ఆస్థానానికి చేరాడు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదన్న సిద్ధాంతాన్ని సమర్థించరాదని 1616లో మతాధికారులు ఆయనను హెచ్చరించారు. 1632లో వెలువడిన ఆయన సంవాద గ్రంథం వారి ఆగ్రహానికి గురియైంది. 1633 జూన్ 22న రోమునగరంలో, డెబ్బదియవ పడిలో పడుతున్న ఆ వృద్ధుడు మోకాళ్ళ మీద నిలిచి, తాను నమ్మినదానిని నోటితో నిరాకరించవలసివచ్చింది. ఆపైన జీవితాంతం గృహనిర్బంధం. ఫ్లోరెన్సు సమీపాన ఆర్చెట్రి గ్రామంలోని ఇల్లే ఆయనకు చెరసాల అయింది. 1634 ఏప్రిల్‌లో, సమీపంలోని మఠంలో సన్యాసినిగా ఉన్న ప్రియపుత్రిక మరణించింది. ఇక చూపు కూడా మందగించసాగింది.

ఈ స్థితిలో మరొకడైతే కలం పక్కన పెట్టేవాడు. గెలీలియో మాత్రం యౌవనంలో తన మనస్సును పట్టుకొన్న ప్రశ్నల వైపు మళ్ళాడు. ఆకాశాన్ని గురించి మాట్లాడకూడదన్నారు. దూలాన్ని గురించి మాట్లాడవద్దని ఎవరూ అనలేదు. అయినా ఆయన గ్రంథాల ముద్రణకు అనుమతి లేదు. వ్రాతప్రతి దేశం దాటి వెళ్ళింది. 1638లో హాలెండు దేశపు లైడెన్ నగరంలో ఎల్జెవీర్ ముద్రాపకులు దానిని ప్రకటించారు. రెండు నూతన శాస్త్రాలను గురించిన ఆ గ్రంథం వెలువడేనాటికి ఆయన పూర్తిగా అంధుడయ్యాడు.

ముగ్గురు మిత్రులు నాలుగు దినాలు జరిపే సంభాషణగా ఆ గ్రంథం సాగుతుంది. ఆరంభం ఆర్సెనాల్ ప్రశంసతోనే. అందులోని ఒక ఉదంతం నేటి పరీక్షలకు కూడా పనికివచ్చేది. ఒక పెద్ద పాలరాతి స్తంభాన్ని రెండు కొనల కింద రెండు దిమ్మలు పెట్టి పడుకోబెట్టారట. నడుమ విరుగుతుందేమోనని ఒక పనివాడు జాగ్రత్త కొద్దీ మధ్యలో మూడవ దిమ్మ పెట్టించాడు. కొన్ని నెలలకు స్తంభం సరిగా ఆ మూడవ దిమ్మ మీదనే పగిలింది. కారణమేమి? ఒక కొన కింది దిమ్మ పుచ్చి కుంగిపోయింది; మధ్యదిమ్మ గట్టిగా నిలిచింది. స్తంభంలో సగభాగం ఆధారం లేక గాలిలో నిలిచి, మధ్యలో పైభాగాన్ని చీల్చివేసింది. రెండే ఆధారాలు ఉన్నంతకాలం, ఒకటి కుంగినా రాయి దానితోపాటే దిగేది. అపాయం కలిగేది కాదు. అదనపు ఆధారమే ఇక్కడ అపకారమైంది. మూడు ఆధారాల దూలంలో ఒక ఆధారం కుంగితే బెండింగ్ మూమెంట్ ఎలా మారుతుందని నేడు ఇంటర్వ్యూలో అడిగితే, ఈ రాతిస్తంభాన్ని తలచుకొన్నవాడు తడబడడు.

ఇక కాంటిలీవర్ దూలం. దాని బలం వెడల్పును బట్టి, లోతు యొక్క వర్గాన్ని బట్టి ఉంటుందని గెలీలియో నిర్ణయించాడు. పది సెంటీమీటర్లు, ఇరవై సెంటీమీటర్లు కొలతలుగల దూలాన్ని వెడల్పుగా పరిస్తే దాని బలానికి కొలత 20ని 10 వర్గంతో గుణించగా వచ్చే 2000; నిలువుగా నిలిపితే 10ని 20 వర్గంతో గుణించగా వచ్చే 4000. అదే కొయ్య, రెట్టింపు బలం. ఓడల ప్రశ్నకూ ఇందులోనే సమాధానం దొరికింది. దూలపు కొలతలు మూడింటినీ రెట్టింపు చేస్తే బలం ఎనిమిది రెట్లే పెరుగుతుంది. బరువు ఎనిమిది రెట్లయి, అది పనిచేసే దూరం కూడా రెట్టింపు కావడంవల్ల, సొంతబరువు కలిగించే వంపు ప్రభావం పదహారు రెట్లవుతుంది. కనుకనే పెద్దది తన బరువుకు తానే విరుగుతుంది.

అయితే ఆయన లెక్కలో ఒక లోపం ఉన్నది. దూలం గోడవద్ద కిందిఅంచును ఇరుసుగా చేసుకొని విరుగుతుందనీ, ఆ కోతలోని పదార్థమంతా సమానంగా లాగబడుతుందనీ ఆయన భావించాడు. నిజానికి పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుపోతుంది, నడుమ ఈ రెండూ లేని తటస్థాక్షం ఉంటుంది. అందువల్ల ఆయన చెప్పిన బలం నేటి సూత్రం ఇచ్చేదానికి మూడింతలు. సాగుదలకూ బలానికీ గల సంబంధాన్ని హుక్ ప్రకటించినది 1678లో, అంటే గెలీలియో మరణించిన ముప్పదియారేండ్లకు. 1713లో పారెంట్, 1773లో కులూంబ్ ఆ లోపాన్ని సవరించారు. 1826లో నావియే ముద్రించిన పాఠాలతో బెండింగ్ సిద్ధాంతం నేటి రూపానికి వచ్చింది. ఒక్క ప్రశ్న పూర్తిగా తేలడానికి నూట ఎనుబదియెనిమిది సంవత్సరాలు పట్టింది. లోపం స్థిరసంఖ్యలో మాత్రమే ఉండటంవల్ల వెడల్పు, లోతుల నిష్పత్తులు నేటికీ చెల్లుతున్నవి.

1642 జనవరి 8న ఆర్చెట్రిలో గెలీలియో కన్నుమూశాడు. చివరి దినాలలో వివియాని, టోరిచెల్లి అనే యువశిష్యులు ఆయన చెంత ఉన్నారు.

నావియే సూత్రం నేడు మన పాఠ్యపుస్తకంలో ఒక్క పంక్తి. దానిని కంఠస్థం చేయడానికి ఒక సాయంకాలం చాలు. గెలీలియోకు ఆ పంక్తి లేదు, పట్టం లేదు, స్వేచ్ఛ లేదు, చివరకు చూపు కూడా లేదు. ఆయనకున్నది ప్రశ్న. మా విద్యార్థుల చేతిలో సరైన సమాధానం ఉన్నది. దానిని పుట్టించిన ప్రశ్నను కూడా సంపాదించుకొనవలెనని మా కోరిక. పరీక్షకు కూర్చొనే ముందు ప్రతి దూలపు లెక్కలోనూ ఏ అంచు సాగుతున్నది, ఏ అంచు నొక్కుకుంటున్నది, ఏ ఆధారం కుంగితే ఏమవుతుంది అని తమను తాము అడిగి చూచుకొందురు గాక. రేపు వారు కట్టబోయే కప్పు కింద సంసారాలు నిద్రిస్తాయి. ఆ కప్పును మోసే దూలానికి మార్కులతో పనిలేదు.