కట్టేసి ఉంచిన మేస్త్రీ, నమ్మకంతో నిలుపుకున్న నాగేశ్వరరావు

చౌక్తడా (యాంగోన్): తలనొప్పి వస్తే మీ ఇంట్లో ముందుగా దేని కోసం వెతుకుతారు? చాలా ఇళ్ళల్లో పసుపుపచ్చ అమృతాంజనం సీసా కోసమే. పరాయి దేశం పోయేటప్పుడు అమ్మ మన సంచీలో మర్చిపోకుండా పెట్టేదీ అదే. దాన్ని తయారుచేసి అమ్మిన మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. దేశోద్ధారకుడని, ఆంధ్రపత్రిక పెట్టాడని బడిలో చదువుకున్నాం. ఈసారి ఆయన్ని ఒక వ్యాపారిగా చూద్దాం. కాంట్రాక్టు పనికి పోయే మనం కూడా ఎవరో ఒకరికి కస్టమర్లమే. ఏజెంటుకి, టికెట్ అమ్మేవాడికి, మన జీతం డబ్బులు ఇంటికి పంపే దుకాణానికి, అందరికీ. వాళ్ళు మనల్ని ఎలా చూడాలో తెలుసుకోవడానికి ఆయన జీవితం పనికొస్తుంది.

నాగేశ్వరరావు గారు 1867లో కృష్ణా జిల్లాలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి పట్టా తీసుకున్నారు. ఆ రోజుల్లో పట్టా ఉన్నవాడికి సర్కారు ఉద్యోగం దొరకడం పెద్ద కష్టం కాదు. ఆయన మాత్రం వ్యాపారం వైపు వెళ్ళారు. మద్రాసులో ప్రయత్నించారు, అక్కడ కుదరక కలకత్తా పోయి మందుల వ్యాపారంలో పని నేర్చుకున్నారు. తర్వాత బొంబాయి చేరి ఒక కంపెనీలో ఉద్యోగం చేశారు. అంటే ఆయన కూడా మనలాగే పొట్ట చేతపట్టుకుని ఊరు విడిచి, భాష తెలియని పట్నంలో బతికిన మనిషే.

1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందు, పేరు ఎవరికీ తెలియదు, అమ్మే మనిషి ఎవరో కూడా తెలియదు. జనం ఎందుకు కొంటారు? ఆయన చేసిన పని చూడండి. సంగీత కచేరీలు జరిగేచోట, నలుగురూ చేరేచోట మందు ఉచితంగా పంచిపెట్టారు. గంటల తరబడి కూర్చున్నవాళ్ళకి తలనొప్పి రావడం మామూలే కదా. నుదుటికి రాసుకుని చూశారు, హాయిగా అనిపించింది, తర్వాత దుకాణానికి పోయి డబ్బు పెట్టి కొన్నారు.

ఇందులో కిటుకు ఏమిటంటే, మందు పనిచేస్తుందో లేదో తేల్చుకునే అవకాశం ముందు కొనేవాడికి ఇచ్చారు. డబ్బు తర్వాత. నచ్చకపోతే మనకి పైసా నష్టం లేదు, నష్టమంతా ఆయనదే. ఇంకో సంగతి కూడా ఉంది. బామ్ ఒక్కసారి కొని ఊరుకునే వస్తువు కాదు. సీసా అయిపోతే మళ్ళీ కొనాలి. కొన్నవాడు రెండోసారి వస్తేనే ఆ వ్యాపారం నిలుస్తుంది. ఒకసారి మోసం చేస్తే ఆ మనిషీ రాడు, అతను చెప్పిన పదిమందీ రారు. కాబట్టి సీసాలో మందు మొదటి రోజు ఎలా ఉందో పదేళ్ళ తర్వాత కూడా అలాగే ఉండాలి.

పేపరు కూడా అంతే. 1907లో సూరత్ కాంగ్రెస్ సభలకి వెళ్ళి వచ్చాక, తెలుగువాళ్ళకి మంచి పత్రిక కావాలని ఆయనకి అనిపించింది. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసుకి మారి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలయ్యాయి. పత్రిక చదివేవాడు కూడా రోజూ మళ్ళీ రావాల్సిన కస్టమరే. బామ్ మీద వచ్చిన లాభం పత్రికకి, పుస్తకాలకి, గ్రంథాలయ ఉద్యమానికి, స్వాతంత్ర్య పోరాటానికి పోయింది. ఉప్పు సత్యాగ్రహంలో ఆయన జైలుకి కూడా వెళ్ళారు. 1937లో శ్రీబాగ్ ఒప్పందం జరిగింది మద్రాసులో ఆయన ఇంట్లోనే. మరుసటి ఏడాది, 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటినా సీసా ఇంకా అమ్ముడవుతూనే ఉంది.

సరిగ్గా ఆయన వ్యాపారం పెరిగిన ఏళ్ళల్లోనే ఇక్కడ రంగూన్‌లో ఇంకో రకం వ్యాపారం నడిచింది. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమర్లలో వేలమంది మనవాళ్ళు ఇక్కడికి వచ్చేవాళ్ళు. మనవాళ్ళని ఇక్కడ కోరంగీలు అనేవారు. చౌక్తడాలో సూలే పగోడా నుంచి నదివైపు నడిచి స్ట్రాండ్ రోడ్డు దాటితే రేవు వస్తుంది. అలాంటి రేవుల్లోనే వాళ్ళు బస్తాలు మోశారు. వాళ్ళని తెచ్చింది మేస్త్రీ. టికెట్ డబ్బు, ఇంటికి కొంత అడ్వాన్సు అతనే ఇచ్చేవాడు. తర్వాత కూలి డబ్బు కంపెనీ నుంచి అతని చేతిమీదుగానే వచ్చేది. అప్పు కింద కొంత, తన వాటా కింద కొంత పట్టుకుని మిగిలింది ఇచ్చేవాడు. అప్పు తీరేదాకా కూలీ ఎక్కడికీ పోలేడు.

రెండు వ్యాపారాల్లోనూ మనిషి నిలబడ్డాడు. కానీ ఒకచోట నచ్చి నిలబడ్డాడు, ఇంకోచోట కట్టేస్తే నిలబడ్డాడు. తేడా అంతా అక్కడే ఉంది. పోవడానికి దారి ఉన్నా మనిషి తిరిగి వస్తే దాన్ని నమ్మకం అంటాం. దారి మూసేసి ఉంచుకుంటే అది చెర.

కట్టేసిన వ్యాపారం ఎక్కడికి దారితీసిందో కూడా చూడండి. 1930 మేలో రేవు కూలీలైన మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీలని పనిలోకి తెచ్చారు. మనవాళ్ళతో రాజీ కుదరగానే ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. రెండు వైపులా పేదవాళ్ళే, ఇద్దరినీ వాడుకుని వదిలేశారు. మే 26న గొడవ మొదలై ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే.

మేస్త్రీల కాలం పోయిందని అనుకోకండి. 2025 మార్చిలో థాయ్‌లాండ్ సరిహద్దులోని మయావడి వైపు సైబర్ మోసాల కేంద్రాల్లో చిక్కుకున్న 500 మందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్ళలో తెలుగు పిల్లలూ ఉన్నారు. మంచి జీతమని, కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి తీసుకుపోయి పాస్‌పోర్టులు గుంజుకున్నారు.

అమృతాంజనం అమ్మేవాడికి మీరు మళ్ళీ కావాలి. ఏజెంటుకి మీరు ఒక్కసారి చాలు, విమానం ఎక్కాక మీతో అతనికి పని లేదు. అందుకే అతని దగ్గర మీ జాగ్రత్త మీరే పడాలి. డబ్బు చేతికి ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

ఏజెంటుకి భారత ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ఆ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా అది తప్పు. ఇచ్చిన ప్రతి పైసాకి రశీదు తీసుకోండి. రశీదు ఇవ్వనన్నాడంటే అక్కడే లేచి రండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే ఒప్పుకోకండి. పాస్‌పోర్టు మీ చేతిలోనే ఉండాలి. కాంట్రాక్టు కాగితం కాపీ ఒకటి ఇంట్లో ఉంచి బయల్దేరండి.

అతను పంపిన పాత మనుషులు ఇద్దరి ఫోను నంబర్లు కూడా అడగండి. పని సరిగా చేసే ఏజెంటు సంతోషంగా ఇస్తాడు, వాళ్ళ మాటే అతనికి ప్రచారం. తప్పించుకు తిరిగితే సంగతి మీకే అర్థమవుతుంది.

ఈ దేశంలో ఇప్పటికే చిక్కుల్లో ఉంటే, భారత రాయబార కార్యాలయం ఇక్కడే చౌక్తడాలో మర్చంట్ రోడ్డు మీద ఉంది. మీరు రాలేకపోతే ఇంటివాళ్ళ చేత అయినా కబురు పంపించండి. ఆలస్యం చేసేకొద్దీ అప్పు పెరుగుతుంది, కాగితాలు గల్లంతవుతాయి.