మన రాజుగారు, బీటా కిరణాలు

థైరాయిడ్‌కి అయోడిన్-131 మందిచ్చాక, బెంగళూరులో మా ఇంట్లోనే అమ్మమ్మది వేరే గది. ఆ మందు అర్ధజీవితకాలం 8 రోజులట. సీసాలోని మందు పక్కన గైగర్ కౌంటర్ పెడితే నిమిషానికి వచ్చే లెక్క 8 రోజులకి సగం, 16కి పావు. గ్రంథి మీద పనిచేసేవి దాని బీటా కిరణాలు.

వాటిని పరిశోధించినాయన అమ్మమ్మ వాళ్ల భీమవరం వైపువారే! 1896లో గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. హిమాలయాలకెళ్లి స్వామి జ్ఞానానంద అయ్యారు. అక్కడితో ఆగారా? ప్రేగ్‌లో ఎక్స్‌కిరణాలు, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాలు పట్టుకున్నారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర విభాగం నెలకొల్పారు. 1969లో పోయారు.

మా కన్నడ నాన్నకే కాదు, నాకూ మొన్నటిదాకా ఆయన పేరు తెలీదు. గుమ్మం బయట నించునే అమ్మమ్మకి చెప్పాను. మన రాజుగారేనా అని మూడుసార్లు అడిగింది. అది ఆరో రోజు.