ఉక్కు గొలుసుతో ఊహారేఖను కొలిచిన లాంబ్టన్

వేడికి ఉక్కు సాగుతుందని భిలాయి ఉక్కు నగరాన్ని ఆనుకొని ఉన్న జాముల్ వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. రెండు శతాబ్దాల కిందట ఆ సాగుదలే విలియం లాంబ్టన్‌కు పెద్ద చిక్కయింది. నేలపై ఎక్కడా కనిపించని అక్షాంశ రేఖల నడుమ దూరాన్ని ఆయన నూరడుగుల ఉక్కు గొలుసు ఆధారంగా తేల్చవలసి వచ్చింది.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో జన్మించిన లాంబ్టన్ వృత్తిరీత్యా సైనికుడు. 1799లో శ్రీరంగపట్టణం యుద్ధం ముగిసిన తరువాత దక్షిణ భారతాన్ని త్రిభుజాలుగా కొలవాలని ప్రతిపాదించారు. ప్రభుత్వానికి కావలసింది పటం. ఆయన మనసు మాత్రం భూమి ఆకారంపై ఉంది. ధ్రువాల వద్ద భూగోళం కొంత అణిగి ఉండటం వల్ల, భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ ఒక డిగ్రీ అక్షాంశం పొడవు స్వల్పంగా పెరుగుతుంది. ఆ పెరుగుదల ఎంతో తెలిస్తేనే అణుపు ఎంతో తెలుస్తుంది.

1802 ఏప్రిల్ 10న మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ సమీపంలో పని ప్రారంభమైంది. సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖకు 57 రోజులు పట్టింది. గొలుసుకు ఎండ తగలకుండా గుడారాల నీడ కల్పించి, ఉష్ణమాపకం చూసి సాగుదలను లెక్కలో సవరించేవారు. ఒక భుజం తెలిశాక మిగిలినవి కోణాల ద్వారా లభించేవి. చివరి స్థానాల అక్షాంశాలను నక్షత్రాలను చూసి నిర్ణయించేవారు.

కోణాలను కొలిచే థియోడలైట్ బరువు దాదాపు అర టన్ను. 1808లో తంజావూరు ఆలయ గోపురంపైకి లాగుతుండగా తాడు తెగి అది గోడకు కొట్టుకుంది. వంగిన వలయాన్ని లాంబ్టన్ ఆరు వారాలపాటు స్వయంగా సరిచేశారు. ఇంత ఓర్పు యుద్ధరంగంలో అలవడేది కాదేమో!

సర్వే తెలుగునేలకు చేరింది. 1811లో గుత్తి సమీపంలోను, 1815లో నిజాం రాజ్యంలోని బీదర్ ప్రాంతంలోను ఆధారరేఖలు కొలిచారు. దక్షిణపు కొస నుంచి అక్కడికి దాదాపు పది డిగ్రీలు. 1818లో ఈ కృషికి మహా త్రికోణమితి సర్వే అనే పేరు వచ్చింది. అదే ఏడు సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్ చేరారు.

హైదరాబాదు నుంచి నాగపూర్‌కు వెళుతూ 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ కన్నుమూశారు. రేఖను హిమాలయ పాదాల వరకు చేర్చిన ఎవరెస్ట్ పేరు శిఖరానికి దక్కింది. లాంబ్టన్‌కు మిగిలినది హింగన్‌ఘాట్‌లోని సమాధి. అది జాముల్‌కు రెండున్నర డిగ్రీల పడమర. జాముల్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చిన సుమారు పది నిమిషాలకు అక్కడ మధ్యాహ్నమవుతుంది.